గంట గోపురమెక్కిన అత్తా అల్లుడూ

ఆ పరాయి దేశపు ఊళ్ళో దిగిన కొత్తలో అత్తగారూ అల్లుడూ ఒకరికొకరు ఎదురుపడకుండా ఉండడానికి పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

అల్లుడు పళ్ళ డాక్టరు. అతని భార్య టర్బైన్లు బిగించే ఇంజినీరు. ఊరవతల నది ఒడ్డున కడుతున్న కరెంటు కేంద్రంలో ఆమెకు పని పడింది. అది ఏడాది దాకా సాగేట్టుందని కంపెనీ వాళ్ళు మూడో అంతస్తులో ఒక ఫ్లాటు ఇచ్చారు. “ఎంతసేపూ ఊళ్ళోవాళ్ళ నోళ్ళే చూస్తారు, కొన్నాళ్ళు లోకం కూడా చూడండి” అని భార్య పట్టుబడితే డాక్టరు తన క్లినిక్కును స్నేహితుడికి అప్పగించి వెంట వచ్చాడు. ఆమె అంతటితో ఊరుకోలేదు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన తల్లిని కూడా తీసుకొచ్చింది. మామగారికి విమానమంటే భయం, పేకాటంటే ప్రాణం. “మీరు వెళ్ళిరండి, ఇల్లు నేను చూసుకుంటా” అని ఆయన ఉండిపోయారు. ఇల్లు చూసుకోవడంలో సాయానికి ముగ్గురు స్నేహితుల్ని కూడా పిలిపించుకున్నారు.

పెళ్ళయి ఆరేళ్ళయినా అత్తా అల్లుళ్ళ మధ్య నడిచిన మాటలు రెండే. “భోంచేశారా బాబూ?” అన్నది ఆవిడ మాట. “ఆఁ, అయిందండీ” అన్నది ఇతని మాట. పండక్కో పబ్బానికో కలిసినప్పుడు ఆ రెండూ సరిపోయేవి. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో పొద్దస్తమానం ఇద్దరే. ఆవిడ వంటింట్లోంచి బయటికి రాబోతే ఇతను బాల్కనీలోకి తప్పుకునేవాడు. ఇతను మంచినీళ్ళకని లేస్తే ఆవిడ తలుపు చాటుకి వెళ్ళేవారు. అల్లుడు తినకముందు తినడం మర్యాద కాదని ఆవిడ, పెద్దావిడ తినకముందు కంచం ముందు కూచోవడం బాగుండదని ఇతను, ఇద్దరూ కడుపులు మాడ్చుకునేవారు. సాయంత్రం భార్య ఇంటికొచ్చి చూస్తే పొద్దున వండిన అన్నం వండినట్టే ఉండేది.

నెల తిరక్కుండానే ఆమెకు విసుగెత్తింది.

“బళ్ళో కొత్తగా వేసిన పిల్లలు నయం. ఏడుస్తారు, కనీసం మాట వినపడుతుంది. రేపు నేను వెళ్ళేటప్పుడు మీ ఇద్దర్నీ బయటికి నెట్టి తాళం వేసుకుపోతా. ఊళ్ళో ఎటైనా తిరగండి” అంది. అన్నంత పనీ చేసింది.

మర్నాడు మెట్ల కింద నిలబడి ఇద్దరూ కాసేపు వీధిని పరీక్షగా చూశారు.

“మీరెటు వెళ్తారు బాబూ?” అన్నారు అత్తగారు.

“ఇటండీ.”

“అయితే నేనటు వెళ్తాను.”

ఇతను కుడికి, ఆవిడ ఎడమకి నడిచారు. ఆ వీధి ఒక పాత చర్చి చుట్టూ తిరిగి వస్తుందని ఇద్దరికీ తెలియదు. డాక్టరు ముందు తలుపు దగ్గర నిలబడి పైకి చూశాడు. చెక్కిన రాయి, నల్లబడ్డ తలుపులు, లోపల చల్లటి చీకటి. గుడికెళ్ళిన అలవాటు కొద్దీ బూట్లు విప్పి చేత పట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. రాతి నేల మంచుగడ్డలా ఉంది. రంగు అద్దాల్లోంచి పడ్డ ఎండ నేలమీద ఎరుపూ నీలమూ మరకలు చేసింది. ఒక్కో మరకా దాటుకుంటూ స్తంభాల మధ్య నుంచి నడుస్తుంటే అవతలి తలుపు వైపు నుంచి ఒక మనిషి వస్తూ కనిపించింది. నేత చీర, దాని మీద కూతురి ఎర్ర కోటు, చేతిలో వేలాడుతున్న కాన్వాసు బూట్లు.

ఇద్దరూ ఆగిపోయారు. ఇద్దరూ ముందు ఎదుటివాళ్ళ పాదాలే చూశారు. డాక్టరు కుడి మేజోడుకు చిరుగుంది. అందులోంచి బొటనవేలు తొంగిచూస్తోంది. అతను దాన్ని లోపలికి ముడుచుకోబోయాడు. ముడుచుకుంటే మరింత బయటికొచ్చింది.

అత్తగారికి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు పైకప్పు దాకా వెళ్ళి నాలుగింతలై తిరిగొచ్చింది. ముందు బెంచీ మీద కళ్ళు మూసుకున్న ముసలాయన కళ్ళు తెరిచి వెనక్కి తిరిగాడు.

“ఇక్కడ విప్పక్కర్లేదేమో బాబూ” అన్నారావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని.

“అలాగే ఉందండీ. అందరూ వేసుకునే ఉన్నారు.”

“మరి వేసుకుందామా?”

“ఇప్పుడు వేసుకుంటే తెలీక విప్పామని తెలిసిపోతుందండీ.”

“అదీ నిజమే” అన్నారావిడ. బూట్లు చేత్తో పట్టుకునే, అదేదో తమ ఆచారమన్నంత ధీమాగా ఇద్దరూ చర్చి అంతా తిరిగి చూశారు. బయటికొచ్చాక మెట్ల మీద పక్కపక్కన కూచుని బూట్లు తొడుక్కుంటూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అత్తగారి ముందు పళ్ళు కనపడేలా నవ్వడం డాక్టరుకు అదే మొదలు. ఆవిడ పైవరస పళ్ళు చాలా చక్కగా ఉన్నాయని కూడా అతనికి అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచి వాళ్ళకి అదే పని. ఆ ఊళ్ళో వీధికొక పాత చర్చి ఉంది. తొందరేమీ లేదు. పూటకొకటి చూసినా చాలు, చూసిందే మళ్ళీ చూసినా అడిగేవాళ్ళు లేరు. పొద్దున భార్య అటు వెళ్ళడం ఆలస్యం, వీళ్ళు ఇటు డబ్బాలో అన్నం సర్దుకుని బయల్దేరేవాళ్ళు. పార్కు బెంచీ మీద కూచుని తినేవాళ్ళు. ఎవరు ముందు తినాలన్న ప్రశ్న బెంచీ మీద రాలేదు.

అత్తగారి కంటికి ప్రతి చర్చీ ఒక డ్రిల్లు మైదానమే. “ఈ స్తంభాలు చూడండి బాబూ. ఒక్కటైనా వరస తప్పిందా? మా తొమ్మిదో తరగతి బి సెక్షను ఇలా నిలబడితే నేను ఇంకో పదేళ్ళు పనిచేసేదాన్ని” అనేవారు. డాక్టరు చూపు మాత్రం చూరు మీదే. పాత చర్చిల చూరుల వెంట నోళ్ళు తెరుచుకున్న రాతి జంతువులుంటాయి. పైన పడ్డ వాననీళ్ళు వాటి నోట్లోంచి కిందికి దూకుతాయి. మొదటిసారి వానలో వాటిని చూసి డాక్టరు కొయ్యబారిపోయాడు.

“ఏమైంది బాబూ?”

“అత్తయ్యగారూ, అచ్చం నా క్లినిక్కేనండీ! పుక్కిలించి ఉమ్మమంటే ఇలాగే ఉమ్ముతారు. ఆ మూడోదాన్ని చూడండి, కింది దవడ ముందుకొచ్చింది. దాని పక్కదానికి కోరపన్ను విరిగింది. పీకెయ్యాల్సిందే.”

“ఆ చివరిది మన పెదమామయ్యలా లేదూ?”

డాక్టరు చూశాడు. ఉంది. పెదమామయ్య కట్టుడుపళ్ళు తీసినప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉంది. వానలో గొడుగు తిరగబడి పోతున్నా ఇద్దరికీ నవ్వాగలేదు.

ఇంకో చర్చిలో ఉన్నట్టుండి పెద్ద ఆర్గను మోగింది. ఎవరో సాధన చేసుకుంటున్నారు. ఆ గంభీరమైన నాదం చెవిన పడగానే అత్తగారు జాతీయ గీతం విన్నట్టు గబుక్కున లేచి అటెన్షనులో నిలబడ్డారు. మడమలు కలిసిన చప్పుడుకి డాక్టరూ లేచాడు. వెనక బెంచీల్లో పర్యాటకుల గుంపొకటి కూచునుంది. ముందువాళ్ళు లేచారు గనక లేవాలి కాబోలనుకుని వాళ్ళూ లేచారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ. చర్చి చర్చంతా బిగుసుకుని నిలబడింది. పైన వాయిస్తున్న కుర్రాడు వంగి కిందికి చూసి హడలిపోయి రెండు మీటలు తప్పు నొక్కాడు.

“ఇప్పుడు కూచోవచ్చా అండీ?” అన్నాడు డాక్టరు పెదవి కదపకుండా.

“నేను కూచుంటే పరువు పోతుంది. ఆయన్ని ఆపమనండి” అన్నారు అత్తగారు అలాగే బిగుసుకుని.

సాయంత్రాలు భార్య ఇంటికొచ్చి, “ఇవాళ ఎక్కడికెళ్ళారు?” అనడిగేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అంతే, ఒకరు గరిటె పట్టుకుని, ఒకరు గోడ పట్టుకుని నవ్వేవారు.

“చెప్పండి, నేనూ నవ్వుతాను” అనేది ఆమె.

“చెప్తే నవ్వు రాదే పాపా. అక్కడుండాలి” అనేవారు తల్లి.

ఒకప్పుడు వీళ్ళు మాట్లాడుకోరని ఏడ్చిన మనిషే ఇప్పుడు కొంచెం మూతి ముడుచుకుని పడుకునేది.

ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చికి వీళ్ళు ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు. అక్కడ తలుపులు తీసి మూసే ఆవిడ పెద్ద మనిషి. నడుముకి తాళాల గుత్తి వేలాడుతుండేది. నడుస్తుంటే ఎద్దుబండి మువ్వల్లా వినిపించేది. వాళ్ళ భాష వీళ్ళకి రాదు, వీళ్ళ భాష ఆవిడకి రాదు. వీళ్ళిద్దరూ ఆవిడని తాళాలమ్మ అనీ, ఆ చర్చిని తాళాలమ్మ కోవెలనీ పిలుచుకునేవారు. రోజూ వచ్చిపోతున్నారు కదాని ఒకరోజు తాళాలమ్మ వీళ్ళని చెయ్యి పట్టి మూలకి తీసుకెళ్ళి ఒక చిన్న తలుపు తెరిచింది. లోపల మెలి తిరిగిన రాతి మెట్లు. గంట గోపురానికి దారి.

ఆవిడ పైకి వేలు చూపింది. తర్వాత నోటివైపు చూపించుకుని దవడ ఆడించింది. తర్వాత తాళంచెవి గాల్లో గిర్రున తిప్పింది. కనుబొమలెత్తి, తెలిసిందా అన్నట్టు చూసింది.

డాక్టరు గంభీరంగా తలూపాడు. “దవడ నొప్పండీ. ఆ తిప్పడం చూశారా, మెలిపెట్టేస్తోందన్నమాట.”

“అయ్యో పాపం! దిగొచ్చాక చూస్తామని చెప్పండి బాబూ.”

డాక్టరు తన గుండె మీద చెయ్యి వేసుకుని, వేలితో మెట్లు దిగుతున్నట్టు చూపించి, ఆవిడ బుగ్గ వైపు చూపించాడు. తాళాలమ్మ అంతా అర్థమైనట్టు నవ్వి వెళ్ళిపోయింది.

ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. మెట్లు ఒక మనిషి పట్టేంత ఇరుకు. ముందు అత్తగారు, వెనక అల్లుడు. నాలుగైదు మెలికలు తిరిగాక గోడలో సన్నటి కిటికీ వచ్చింది. అందులోంచి ఇళ్ళ కప్పులు కిందికి కనిపించాయి. డాక్టరు గోడకి అతుక్కుపోయాడు.

“అత్తయ్యగారూ, మీకొక మాట చెప్పాలి.”

“చెప్పండి.”

“నాకు ఎత్తంటే భయమండీ. ఇంట్లో బల్బు పోతే స్టూలెక్కను. మీ అమ్మాయే ఎక్కుతుంది.”

పైన అత్తగారు రెండు చేతులా గోడ పట్టుకున్నారు.

“నేనూ ఒక మాట చెప్పాలి బాబూ” అన్నారావిడ. “నాకూ భయమే.”

“మీరు డ్రిల్లు టీచరు కదండీ!”

“డ్రిల్లు నేలమీదే కదా చేయించేది!”

ముందుకెళ్ళలేరు, వెనక్కి తిరగడానికి చోటు లేదు. ఆ ఇరుకులో ఇద్దరికీ మళ్ళీ నవ్వు పట్టుకుంది.

“ఇంతదూరం వచ్చాం. ఇప్పుడు దిగిపోతే పట్టుచీర కట్టుకుని పెళ్ళికెళ్ళకుండా తిరిగొచ్చినట్టుంటుంది” అన్నారు అత్తగారు. “నేను లెఫ్ట్ రైట్ అంటాను, మీరు అడుగెయ్యండి. మెట్లు మాత్రం లెక్కపెట్టకండి. లెక్కపెడితే కాళ్ళకి తెలిసిపోతుంది. లెఫ్ట్!”

లెఫ్ట్ రైట్ అంటూ గుండ్రంగా తిరిగి తిరిగి, తల కూడా తిరిగి, ఇద్దరూ ఒక్కసారిగా వెలుతురులోకి వచ్చిపడ్డారు. గాలి ఈడ్చి కొట్టింది. కింద ఊరంతా పిల్లలు ఆడి వదిలేసిన బొమ్మల్లా పరుచుకునుంది. నది వెండి జరీ అంచులా మెరుస్తోంది. వాళ్ళ వెనకే గదంత గంట. దాన్ని చూసి ‘అబ్బా’ అనబోయేంతలో అది కదిలింది.

మధ్యాహ్నపు గంట. అది చెవులకి వినపడలేదు. ఎముకలకి వినపడింది. డాక్టరుకి తన నోట్లోని ప్రతి పన్నూ విడివిడిగా మోగుతున్నట్టు తెలిసింది. అత్తగారు చెవులు మూసుకుని ఏదో అరుస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి గాని మాట లేదు. ఇక్కడ ఏమన్నా ఎవరికీ వినపడదన్న సంగతి తట్టగానే డాక్టరుకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గుండెలనిండా గాలి పీల్చుకుని గొంతెత్తి అరిచాడు.

“అత్తయ్యగారూ! మీ కాకరకాయ కూర నాకు పడదండీ! చేదు, చేదు! మొహమాటానికి—”

గంట ఆగింది.

“—ఆరేళ్ళుగా తింటున్నానండీ!”

ఆ మాట గోపురమంతా తిరిగి, నాలుగు దిక్కుల నుంచీ బయటికి వెళ్ళింది. ఒక పావురం ఎగిరిపోయింది. డాక్టరు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

అత్తగారు చెవుల మీంచి చేతులు తీశారు. “కాకరకాయ మీకు ప్రాణమని పాప చెప్పిందే!”

“మీ చేతి కాకరకాయ తినకపోతే మీరు నొచ్చుకుంటారని నాతో చెప్పిందండీ.”

“నాకసలు దాని వాసనే గిట్టదు! ముక్కు పక్కకి తిప్పుకుని వండుతున్నాను, అల్లుడికిష్టం కదాని!”

ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ఆ ఇంట్లో కాకరకాయ ఇష్టం ఎవరికో, గిన్నె అడుగు దాకా ఊడ్చేది ఎవరో.

“అమ్మ దొంగా!” అన్నారు ఇద్దరూ. అప్పుడు మొదలైన నవ్వుకి గోపురం పిట్టగోడే ఆసరా అయింది. కింద అంత లోతుందని ఇద్దరికీ గుర్తే లేదు.

దిగి వచ్చేసరికి చిన్న తలుపుకి బయట తాళం వేసి ఉంది. బాదారు. పిలిచారు. రాతిగోడలు వాళ్ళ పిలుపులు వాళ్ళకే తిరిగిచ్చాయి. డాక్టరు చప్పున నుదురు కొట్టుకున్నాడు.

“దవడ నొప్పి కాదండీ! భోజనానికి వెళ్తున్నా, తాళం వేస్తా, ఈలోగా దిగిరండని!”

“మీరు బుగ్గ చూపించి ఏం చెప్పారు మరి?”

“నాకు తెలిసి... మీరు నిదానంగా నమిలి తినండి, మేం తర్వాత దిగుతాం అని చెప్పానండీ.”

చేసేదేముంది, మళ్ళీ ఎక్కారు. కింద నాలుగు వీధులు కలిసే చౌకులో హోటళ్ళ వాళ్ళు బయట బల్లలు వేశారు. జనం ఎండలో కూచుని తింటున్నారు. డాక్టరు అరిచాడు. గాలి ఎత్తుకుపోయింది. “తప్పుకోండి” అన్నారు అత్తగారు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశారు. ముప్ఫై ఏళ్ళు మైదానం ఈ చివర నిలబడి ఆ చివరి పిల్లల్ని వెనక్కి రప్పించిన ఈల అది. చౌకులో ఫోర్కులు గాల్లో ఆగిపోయాయి. జనమంతా ఒక్కసారి తలలు పైకెత్తారు.

“కోటివ్వండి!” అన్నాడు డాక్టరు. ఎర్ర కోటు తీసుకుని, నడుందాకా పిట్టగోడ మీద వంగి రెండు చేతులా ఊపాడు. వెనకనుంచి అత్తగారు అతని బెల్టు గట్టిగా పట్టుకున్నారు. కిందివాళ్ళకి ఇదేదో వేడుకనిపించింది. వాళ్ళూ రుమాళ్ళు ఊపారు. కొందరు చప్పట్లు కొట్టారు.

ఆ బల్లల్లో ఒకదాని దగ్గర టర్బైను ఇంజినీరు కూచునుంది. ఆ వారం పని బాగా జరిగిందని పెద్ద మేనేజరు అందర్నీ భోజనానికి తీసుకొచ్చాడు. ఆమె కూడా అందరిలాగే తలెత్తింది. గోపురం మీద రెపరెపలాడుతున్నది తన కోటే. ఊపుతున్న చేతులు, స్టూలెక్కని తన మొగుడివి.

“వాళ్ళెవరో మీకు తెలుసా?” అనడిగాడు మేనేజరు, ఆమె మొహం చూసి.

తెలియదని చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నదట. “మా అమ్మ. మా ఆయన” అంది, నీరసంగా.

తాళాలమ్మ ఎక్కణ్ణుంచో మెడలో రుమాలుతో, నోట్లో ముద్దతో, గణగణలాడుతూ పరిగెత్తుకొచ్చింది. తలుపు తెరిచేసరికి అవతల సగం చౌకు నిలబడి ఉంది. డాక్టరు తాళాలమ్మ దగ్గరకెళ్ళి, రెండు చేతులూ జోడించి, తర్వాత ఆవిడ దవడ చూపించి, బాగానే ఉందన్నట్టు బొటనవేలు ఎత్తాడు. ఆవిడకి ఏమర్థమైందో గాని అతన్ని వాటేసుకుని వీపు మీద రెండు చరిచింది.

ఇంజినీరు నోరు తెరిచి తిట్టబోయే లోపల మేనేజరు అడ్డొచ్చాడు. తను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనేనట, ఇంతవరకూ ఆ గోపురం ఎక్కలేదట, సిగ్గుగా ఉందట. ఇప్పుడు ఎక్కొచ్చా అని అడిగాడు. తాళాలమ్మ తలుపు బార్లా తీసింది. అత్తగారు అందర్నీ వరసలో నిలబెట్టారు. “లెఫ్ట్!” అన్నారు. మేనేజరు, అతని వెనక ఇంజినీర్లు, వాళ్ళ వెనక ముక్కూ మొహం తెలియని నలుగురు, అందరూ లెఫ్ట్ రైట్ అంటూ మెలికలు తిరిగి ఎక్కారు. వరస చివర కొంగులాంటి పొడుగాటి స్కార్ఫు నడుముకి బిగించి అత్తగారి కూతురు.

పైకొచ్చి ఆమె మొగుణ్ణి చూసింది. అతను పిట్టగోడకి ఆనుకుని, మేనేజరుకి చూరు మీది రాతి జంతువుల పళ్ళు వివరిస్తున్నాడు.

“ఏవండీ, మీకు భయం వెయ్యడం లేదా?”

“వేస్తోంది. అయినా బావుంది” అన్నాడు డాక్టరు. “అది సరేగాని, కాకరకాయ సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడదాం.”

ఆమె తల్లివైపు చూసింది. తల్లి నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు. ఇంజినీరు మొహం జేగురు రంగుకి తిరిగింది. “అది... నాకు వంట రాదు కదమ్మా” అని గొణిగింది. ఆ తర్వాత ఎవరు ముందు నవ్వారో చెప్పడం కష్టం.

ఆదివారం ముగ్గురూ కలిసి బస్సెక్కారు. ఊరవతల ఏదో పాత చర్చి ఉందని తాళాలమ్మ చేతులతో చెప్పింది. చేతులతో చెప్పింది గనక అదెక్కడుందో ముగ్గురికీ మూడు రకాలుగా అర్థమైంది. వాదించుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయారు. పొలాల మధ్య దిగేసరికి వాన అందుకుంది. దూరాన చెట్ల మీంచి ఒక గోపురం కొస కనిపిస్తే అదేనని డాక్టరు, కాదని ఇంజినీరు, అదైనా కాకపోయినా కప్పుంటే చాలని అత్తగారు. బురదలో పరుగెత్తి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లాక్కుంటూ వెళ్ళి చూస్తే అది చిన్న పల్లె చర్చి. తలుపు మూసి ఉంది. చూరు కింద ముగ్గురూ ఒదిగి నిలబడ్డారు.

“మీకు చెప్పడం మర్చిపోయాను” అంది ఇంజినీరు జుట్టు పిండుకుంటూ. “పని ఇంకో మూడు నెలలు పెంచుతామంటున్నారు. మీ ఇద్దరికీ ఇంటిమీద బెంగగా ఉంటే వద్దని చెప్పేస్తాను.”

“వద్దనకు!” అన్నారు తల్లి.

“వద్దనకు!” అన్నాడు మొగుడు, అదే గుక్కలో.

“నాకు ఆదివారాలు ఇవ్వాలి మరి. ప్రతి ఆదివారం. నేను లేకుండా ఒక్కటీ చూడకూడదు.”

“ఆదివారాలు నీవే పాపా. పెద్దవన్నీ నీకోసం దాచిపెడతాం.”

వాళ్ళ గోలకి లోపల గడియ తీసిన చప్పుడైంది. చీపురు పట్టుకున్న ఒక ముసలాయన తలుపు కొంచెం తెరిచి, నిలువునా తడిసి పడీపడీ నవ్వుతున్న ముగ్గుర్నీ పైనుంచి కిందిదాకా చూశాడు. చీపురు గోడకానించి, తలుపు పూర్తిగా తెరిచి, పక్కకి తప్పుకున్నాడు.